దూరం చూసి టైము లెక్కేయకు

చిరంజీవి బాబుకి,

పెదనాన్న ఆశీస్సులు. రెండు ఊళ్ల మధ్య 500 కిలోమీటర్లే, విమానం గంటకు 800 పోతుంది కాబట్టి నలభై నిమిషాల్లో దిగిపోతానని రాశావు. భాగహారం బాగానే చేశావు గానీ, విమానం అలా ఎగరదు.

ముందు ఆ 500 ఏమిటో తెలుసుకో. అది రెండు ఎయిర్‌పోర్టుల మధ్య భూమి వంపు వెంబడి లెక్కగట్టిన అతి దగ్గరి దూరం. విమానం సరిగ్గా ఆ గీత మీదే పోదు. ఆ పూట గాలిని బట్టి రన్‌వే ఏ వైపు వాడుతుంటే ఆ వైపు లేచి, చుట్టు తిరిగి దారిలో పడాలి. దిగేచోటా అంతే. అంకె నాటికల్ మైళ్లలో ఉందేమో కూడా చూసుకో. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. 270 అని ఉంటే నీ 500 అదే. మామూలు మైళ్లనుకున్నావా, 434 దగ్గరే ఆగిపోతావు.

చిన్న ఎయిర్‌పోర్టుల మధ్య ఎక్కువగా తిరిగేవి ఏటీఆర్ 72 లాంటి రెక్కల పంకాల విమానాలు. పైకెళ్లాక వాటి వేగం గంటకు సుమారు 500. జెట్ వేగం ఎక్కువే, కానీ 300 కిలోమీటర్ల ప్రయాణంలో ఎత్తుకి లేవడం, కిందికి దిగడంతోనే దానికి సరిపోతుంది. అంత దగ్గరకి జెట్ కోసం ఎక్కువ డబ్బు పెట్టడం నాకైతే దండగ.

గాలిని మాత్రం తేలిగ్గా తీసుకోకు. గంటకు 500 పోయే విమానానికి 100 ఎదురుగాలి తగిలితే, నీ 500 కిలోమీటర్లకి 75 నిమిషాలు. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తే 50. పోగొట్టుకున్నది తిరుగు ప్రయాణంలో వచ్చేస్తుందనుకుంటారు చాలామంది. కలిపి చూడు: 125. గాలి లేకపోతే 120. అంటే గాలి ఎప్పుడూ కొంత మింగేస్తుంది.

టికెట్ మీద ఉండే టైము విమానం స్టాండు వదిలినప్పటి నుంచి అవతల స్టాండులో ఆగేదాకా. విమానం రన్‌వే దాకా నేల మీద మెల్లగా పోవడం, అక్కడ క్యూలో ఆగడం అన్నీ అందులోనే. అందుకే గాల్లో గంటే ఉన్నా గంటా ఇరవై వేస్తారు. రెండు టైములూ ఏ ఊరివి ఆ ఊరివే. మధ్యలో టైమ్ జోన్ మారితే తీసివేత తప్పుతుంది.

అసలు చిక్కు డైరెక్ట్ విమానం లేకపోతే. పెద్ద ఎయిర్‌పోర్టుకి వెళ్లి, అక్కడ కూర్చుని, వెనక్కి రావాలి. 500 కిలోమీటర్లకి సగం రోజు పోతుంది. అప్పుడు రైలో బస్సో చూడు, సిగ్గుపడకు. విమానమే అంటే రెండు విడతలూ ఒకే టికెట్ మీద తీసుకో. మొదటిది లేటై రెండోది తప్పితే, నిన్ను చేర్చే పూచీ ఎయిర్‌లైన్ వాళ్లది. విడివిడిగా కొంటే నీ తిప్పలు నీవే. ఆ రోజుకి ఆఖరి విమానం ఎక్కకు, రద్దయితే రాత్రి అక్కడే.

ఊరి పేరు నమ్మి బుక్ చేయకు, ఎయిర్‌పోర్టుకి ఉండే మూడక్షరాల కోడ్ చూడు. బర్మింగ్‌హామ్ ఇంగ్లండులో ఒకటుంది, బీహెచ్‌ఎక్స్. అమెరికాలో అలబామాలో ఇంకొకటుంది, బీహెచ్‌ఎం.

చిన్న విమానంలో తలపైన అర ఇరుకు. చక్రాల పెట్టె మెట్ల దగ్గరే తీసేసుకుంటారు. మందులు, కాగితాలు భుజాన సంచిలో పెట్టుకో. నీ రెండు కోడ్‌లూ, విమానం రకం రాసి పంపు, టైము నేనూ ఒకసారి చూస్తాను.

పెదనాన్న