గుడారం కింద నేల ఎవరిదో రాయి

చిరంజీవికి,

లెబనాన్‌లో ఉంటున్న సిరియా శరణార్థుల మీద నువ్వు పంపిన కథనాలన్నీ చదివాను. భాష బాగుంది. అక్కడి బెకా లోయలో పగలంతా సహాయ సంస్థ పనుల మీద తిరిగి, రాత్రి కూర్చుని తెలుగులో రాయడానికి ఓపిక కావాలి. మెచ్చుకోలు ఇంతటితో ఆపుతాను. నచ్చనివి ఇంకా చాలా ఉన్నాయి.

ప్రతి కథనంలోనూ ఒక పిల్ల కళ్ళున్నాయి. పెద్ద కళ్ళు, తడి కళ్ళు, ఏదో అడుగుతున్న కళ్ళు. సిరియాలో యుద్ధం మొదలైన 2011 నుంచి పేపర్లూ టీవీలూ ఆ పిల్లల కళ్ళే చూపిస్తున్నాయి. పాఠకుడు అయ్యో అనుకుని పేజీ తిప్పేస్తాడు, అందులో అతని తప్పేమీ లేదు. ఆ జనం అక్కడ రోజులెలా నెట్టుకొస్తున్నారో, వాళ్ళకి సాయం చెయ్యడం ఎందుకంత చిక్కు వ్యవహారమో మనవాళ్ళకి విడమరిచి చెప్పినవాళ్ళు తక్కువ. నువ్వు రోజూ ఆ చిక్కుల్లోనే మునిగి తేలుతున్నావు. కాగితం మీదికి వచ్చేసరికి మాత్రం వాటిని పక్కకు నెట్టేసి కన్నీళ్ళ దగ్గరికి వెళ్ళిపోతున్నావు.

ఒక కథనంలో 'అద్దె కట్టలేదని డేరా పీకేసుకోమన్నారు' అని ఒక్క ముక్క రాశావు. తర్వాతి వాక్యంలోనే ఆ తల్లి ఏడుస్తోంది. నేను మాత్రం అద్దె దగ్గరే ఆగిపోయాను. డేరాకి అద్దె ఏమిటి? మన పాఠకుడి దృష్టిలో శరణార్థి అంటే ప్రభుత్వం వేసిన శిబిరం, వరసగా గుడారాలు, గేటు దగ్గర ఉచితంగా రేషను. లెబనాన్‌లో సిరియా వాళ్ళకి అలాంటి అధికారిక శిబిరాలే లేవన్న సంగతి నువ్వెక్కడా చెప్పలేదు. నీకు అది నిత్యం చూసే విషయం కాబట్టి అందరికీ తెలుసనుకున్నావు.

ఎందుకు లేవో కూడా రాయాలి. 1948లో పాలస్తీనా వాళ్ళు వచ్చినప్పుడు తాత్కాలికమే కదా అని వేసిన శిబిరాలు ఈనాటికీ అక్కడే ఉన్నాయి. 1975 నుంచి 1990 దాకా సాగిన అంతర్యుద్ధంలో ఆ శిబిరాలకూ పాత్ర ఉంది. అందుకే 2011 తర్వాత సిరియా వాళ్ళు వస్తుంటే, మళ్ళీ శిబిరాల మాటెత్తకండి అంది లెబనాన్. వాళ్ళని శరణార్థులనడానికి కూడా ఒప్పుకోదు, నిర్వాసితులు అంటుంది. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద ఆ దేశం సంతకం చెయ్యలేదు. ముక్కున వేలేసుకునే ముందు, మన దేశమూ చెయ్యలేదని పాఠకుడికి ఒకసారి గుర్తుచెయ్యి.

శిబిరం లేదు కాబట్టి ప్రతి కుటుంబం ఎవరికో ఒకరికి అద్దె కట్టాల్సిందే. గ్యారేజీకో, సగం కట్టి వదిలేసిన బిల్డింగుకో, బెకాలో అయితే బంగాళాదుంప చేను పక్కన నేలకో. ఆ నేల లెబనాన్ రైతుది. రైతుకీ డేరాలకీ మధ్య షావీష్ ఉంటాడు. వలస కూలీల్ని తోలుకెళ్ళే మన పాలమూరు మేస్త్రిని గుర్తు తెచ్చుకో. షావీష్ కూడా చాలాచోట్ల సిరియా వాడే, యుద్ధానికి ముందు నుంచీ కూలీ ముఠాలతో ఆ పొలాలకి వచ్చిపోతున్నవాడే. తెల్లారకముందే ఆడవాళ్ళనీ పిల్లల్నీ పికప్ వ్యాన్ ఎక్కించి చేలకి పంపేది అతనే, కూలిలో తన వాటా కోసుకునేదీ అతనే. అద్దె బాకీ పడితే ఆ బాకీని కూలి రోజుల్లోకి మార్చేస్తాడు. చేబదులిస్తాడు, కొట్టువాడికి పూచీ ఉంటాడు. మీ లారీలో పరుపులొస్తే జాబితా పట్టుకుని ముందు నిలబడేదీ అతనే. ఎవరి పేరు మీదుగా సాయం లోపలికి వస్తోందో ఒకసారి గమనించు. అతన్ని దుర్మార్గుడిగా రాసి చేతులు దులుపుకోకు. అర్ధరాత్రి నొప్పులొచ్చిన ఆడమనిషిని ఆసుపత్రికి తీసుకెళ్ళేది, మునిసిపాలిటీ వాళ్ళొస్తే మాట్లాడి పంపించేది కూడా చాలాసార్లు ఆ మనిషే. ఈ రెండూ ఒకే పేజీలో పక్కపక్కన కనపడాలి.

డేరాని కూడా దగ్గర నుంచి చూడు. నువ్వు 'చిరిగిన గుడారం' అని సరిపెట్టావు. కర్రలు పాతి, ప్లాస్టిక్ పట్టలు చుట్టి, పైన వాన కారకుండా పాత అడ్వర్టైజ్‌మెంట్ హోర్డింగుల షీట్లు కప్పుతారు. కారు బొమ్మో, నవ్వుతున్న మోడల్ సగం మొహమో పైకప్పు అయిపోతుంది. గాలికి లేచిపోకుండా దాని మీద పాత టైర్లు పరుస్తారు. లోపల మధ్యలో డీజిల్ పొయ్యి ఉంటుంది. డీజిల్ కొనలేని చలికాలంలో ఆ పొయ్యిలోకి చెప్పులూ ప్లాస్టిక్కూ కూడా వెళ్తాయి. ఇన్నేళ్ళయినా అవి డేరాలుగానే ఎందుకున్నాయని పాఠకుడు అడుగుతాడు. జవాబు పేదరికం ఒక్కటే అయితే సులువుగా చెప్పేయొచ్చు. 2019 జనవరి తుపానుకి బెకాలో డేరాలు నీళ్ళలో మునిగాయి. అదే ఏడాది సిరియా సరిహద్దు దగ్గరి అర్సాల్ ఊళ్ళో, సిమెంటు ఇటుకలతో గోడలు కట్టుకున్నవాళ్ళు వాటిని కూల్చుకోవాలనీ, కర్రా ప్లాస్టిక్కే ఉండాలనీ హుకుం వచ్చింది. తమ గోడల్ని తామే పగలగొట్టుకున్నారు జనం. గోడ లేస్తే మనిషి ఉండిపోతాడని భయం. అందుకే సహాయ సంస్థలు కూడా ఏటేటా కర్రలూ పట్టలే పంచుతాయి, మళ్ళీ ఏటేటా అవే పాడవుతాయి. గట్టిగా కట్టివ్వగలిగీ కట్టివ్వకూడని ఈ ఇరకాటం గురించి మీ ఆఫీసులో రోజూ అనుకుంటూనే ఉండుంటారు. నీ కథనాల్లో మాత్రం దాని ఊసే లేదు.

తర్వాత కాగితాలు. 2014 ఏప్రిల్ నాటికే అక్కడ ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ దగ్గర నమోదైనవాళ్ళు పది లక్షలు దాటారు. విస్తీర్ణంలో ఆ దేశం మొత్తం కలిపినా మన పాత అనంతపురం జిల్లాలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. 2015 జనవరిలో సరిహద్దు దగ్గర నిబంధనలు బిగించారు, మే నెలలో ప్రభుత్వం నమోదే ఆపించేసింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళు మనుషులుగా ఉన్నారు గానీ లెక్కలో లేరు. ఉండటానికి అనుమతి కావాలంటే పదిహేనేళ్ళు దాటిన ప్రతివాళ్ళూ ఏడాదికి 200 డాలర్లు కట్టాలని 2015లో రూలు పెట్టారు. ఐరాస నమోదు లేనివాళ్ళకి పూచీ ఉండే లెబనాన్ కఫీల్ దొరకాలన్నారు. కఫీల్ అంటే ఏమిటో నువ్వు వివరించక్కర్లేదు. కడపలో, కోనసీమలో, జగిత్యాలలో, నిజామాబాద్‌లో గల్ఫ్‌కి మనిషిని పంపిన ఇల్లు దేన్నడిగినా చెబుతుంది. కాగితం చేతిలో లేనివాడు పోలీసుని చూసి సందు మారడం మనవాళ్ళ అనుభవంలో ఉన్నదే. తెలుగు పాఠకుడు నీతో కలిసి నడిచే చోటు అది. బతుకమ్మనీ సంక్రాంతినీ బెకాకి మోసుకెళ్ళనక్కర్లేదు.

కాగితం లేని మగవాడు చెక్‌పోస్టు దాటలేడు. బెకా నుంచి బీరుట్ వెళ్ళాలంటే దహర్ అల్ బైదర్ కనుమ దాటాలి, అక్కడ ఆపుతారు. అందుకే ఇంట్లో మగవాడు కూర్చుంటాడు, పదకొండేళ్ళ పిల్లాడు పనికెళ్తాడు, వాడిని ఎవరూ ఆపరు గనక. నీ కథనంలో 'తండ్రి ఏ పనీ చెయ్యడు' అన్న వాక్యం చూసి నాకు కోపమొచ్చింది.

అక్కడ పుట్టిన బిడ్డ సంగతి ఇంకా మెలిక. ఆసుపత్రో మంత్రసానో ఇచ్చిన కాగితం పట్టుకుని ఊరి పెద్ద లాంటి ముఖ్తార్ దగ్గరికి వెళ్ళాలి. అతనిచ్చిన సర్టిఫికెట్‌తో జననాలు నమోదు చేసే నుఫూస్ ఆఫీసుకి, అక్కడి నుంచి ప్రాంతీయ కేంద్రంలో విదేశీయుల రిజిస్టరుకి. చివరికి సిరియా రాయబార కార్యాలయం. 2024 డిసెంబరు దాకా, ఏ ప్రభుత్వం కొడుతుంటే పారిపోయి వచ్చారో ఆ ప్రభుత్వం గుమ్మం దగ్గరే నిలబడి బిడ్డ పేరు రాయించుకోవాల్సి వచ్చేది. చాలామంది ముఖ్తార్ దగ్గరో నుఫూస్ దగ్గరో ఆగిపోయారు. ఏడాది దాటితే కోర్టుకెక్కాలి. 2018లో కొంత సడలించారు. మీ సంస్థ తరఫున ఈ ఆఫీసుల చుట్టూ తిరిగే అమ్మాయి ఎవరో ఉంటుంది కదా, ఒక రోజంతా ఆమె వెంట తిరిగి రాయి. ఎక్కడ ఫోటో అడిగారు, ఎక్కడ స్టాంపు అయిపోయిందన్నారు, టాక్సీకి ఎంత అయింది, అన్నీ.

ఇప్పుడు నువ్వు బొత్తిగా ముట్టుకోని మనిషి దగ్గరికి వస్తాను. లెబనాన్ వాడు. నీ రాతల్లో అతను కసురుకునేవాడు, తలుపు వేసేవాడు, అంతవరకే. అతని వైపు నుంచి చూడు. సిరియా సైన్యం 1976లో అతని దేశంలోకి వచ్చి 2005లో గానీ పోలేదు. అతని అన్ననో మేనమామనో చెక్‌పోస్టులో కొట్టిన సైనికుడి యాసే ఇప్పుడు పక్క డేరాలో వినిపిస్తుంది. అధ్యక్షుడు మరోనైట్ క్రైస్తవుడు, ప్రధాని సున్నీ, స్పీకర్ షియా అని పదవులు పంచుకున్న దేశం అది. లెక్కలు తేలితే వాటాలు కదులుతాయని 1932 తర్వాత జనాభా లెక్కలే తీయలేదు. ఎక్కువమంది సున్నీలైన పది లక్షల మంది వచ్చి కూర్చుంటే ఎందుకు వణుకుతారో చెప్పకుండా, 'ద్వేషం' అని ఒక్కమాటతో తేల్చేస్తే పాఠకుడికి ఏం అర్థమవుతుంది?

దాని మీద 2019. బ్యాంకులు జనం డబ్బు బిగబట్టాయి. డాలరుకి 1,507 లీరాలుండే మారకం నాలుగేళ్ళలో బయట 89,000 దాటింది. జీవితమంతా దాచుకున్న టీచరు తన సొంత డబ్బు తీసుకోలేక ఏటీఎం ముందు నిలబడితే, పక్క లైన్లో సిరియా కుటుంబం సహాయం కార్డు పెట్టి నోట్లు తీసుకుంటోంది. ఆ నోట్లు ఎంత తక్కువో ఆ టీచరుకి తెలియదు. 2021 నాటికి అక్కడి సిరియా కుటుంబాల్లో పదింట తొమ్మిది కటిక పేదరికంలో ఉన్నాయన్న లెక్క ఆవిడ చెవిన పడలేదు. పడినా అంత తేలిగ్గా నమ్మదు. ఈ ఏటీఎం లైను మీద నువ్వొక కథనం రాస్తే నేను ఎగిరి గంతేస్తాను. అదే టీచరు మధ్యాహ్నం షిఫ్టులో సిరియా పిల్లలకి పాఠం చెబుతూ ఉండొచ్చు. పొద్దున లెబనాన్ పిల్లలు కూర్చున్న బెంచీల మీదే మధ్యాహ్నం నుంచి వీళ్ళు కూర్చుంటారు. బెంచీ విరిగితే ఏ పూట వాళ్ళు విరిచారని గొడవ.

మీవాళ్ళు డేరాలకి నీళ్ళ ట్యాంకు ఇచ్చినప్పుడు ఊరికి పైపులైను కూడా ఎందుకు వేస్తారో ఇక్కడి నుంచే రాయొచ్చు. ఊరిని వదిలేసి డేరాలకే ఇస్తే ఆ ట్యాంకు ఎన్నాళ్ళో నిలవదు. ఇది దానం చేసేవాళ్ళ మంచితనం గురించిన విషయం కానే కాదు, బేరం. పైగా ఎవరితో బేరమాడాలో తెలియని బేరం. 2014 మే నుంచి 2016 అక్టోబరు దాకా, మళ్ళీ 2022 అక్టోబరు నుంచి 2025 జనవరి దాకా ఆ దేశానికి అధ్యక్షుడే లేడు. బీరుట్‌లో ఒక మంత్రిత్వశాఖ ఊ అంటుంది, బెకాలో మునిసిపాలిటీ ఊహూ అంటుంది. విదేశీయుల అనుమతులు చూసే జనరల్ సెక్యూరిటీ ఇంకోటి అడుగుతుంది. ఆ ప్రాంతంలో చెల్లుబాటయ్యే పార్టీ మనిషికి కబురు పెట్టకపోతే లారీ కదలదు. 'స్థానిక అధికారుల సహకారంతో' అని నువ్వు రాసిన ముక్క మీ సంస్థ రిపోర్టులోంచి జారిపడ్డట్టుంది. కొట్టెయ్.

ఒక విషయంలో మాత్రం బతిమాలడం లేదు, గట్టిగానే చెబుతున్నాను. పేర్లు మార్చావు, సరే. ఊరి పేరు, షావీష్ గుర్తులు, డేరా ఏ ఫ్యాక్టరీ వెనక ఉందో, అన్నీ అలాగే ఉంచేశావు. 2023లో లెబనాన్ సైన్యం దాడులు చేసి కాగితాలు లేనివాళ్ళని సరిహద్దు దాటించింది. తెలుగులో రాస్తే అక్కడెవరు చదువుతారనుకోకు. ఫోన్లో క్షణంలో అనువాదమైపోతుంది. 'రాయమ్మా, ఫర్వాలేదు' అన్నారని చెప్పావు. మీ సంస్థ బ్యాడ్జీ మెడలో వేసుకుని అడిగితే కాదనే ధైర్యం ఎంతమందికుంటుంది? బ్యాడ్జీ తీసేసి, పంపిణీ లేని రోజు వెళ్ళి, రాయకపోయినా మీకొచ్చేవి ఆగవని చెప్పి, అప్పుడు అడుగు.

ఇక నీ చివరి కథనం, ఇంటికి తిరిగి వెళ్ళడం మీద. 2024 సెప్టెంబరులో ఇజ్రాయెల్ బాంబుదాడులు ముదిరాక లెబనాన్ వాళ్ళూ సిరియా వాళ్ళూ కలిసి సరిహద్దులోని మస్నా దారిన సిరియాలోకి పరిగెత్తారు. బాంబు పడి రోడ్డు తెగితే ఆ గుంటలోంచే సామాన్లు నెత్తిన పెట్టుకుని నడిచారు. డిసెంబరు 8న సిరియా అధ్యక్షుడు అసద్ పడిపోయాడు. నువ్వు వెంటనే శుభం కార్డు వేసేశావు. లక్షల మంది వెళ్ళారు, నిజమే. లక్షల మంది ఉండిపోయారు కూడా. ఇల్లు కూలిపోయినవాడు, ఇంటి కాగితాలు పోయినవాడు, కొడుకు పుట్టినట్టు ఏ రిజిస్టరులోనూ లేనివాడు, ఇప్పుడున్న సిరియాలో తన వర్గానికి చోటుందో లేదోనని భయపడేవాడు. 2025 మొదట్లో అమెరికా సాయం కోత పడ్డాక చేతికొచ్చేదీ తగ్గింది. వెళ్ళమని తోస్తున్నదేది, వెళ్ళనివ్వకుండా పట్టి ఉంచుతున్నదేది, ఒక కుటుంబం రాత్రి కూర్చుని వేసుకునే లెక్క నాకు కావాలి. భార్య ఒకటి, భర్త ఒకటి అంటుంటారు, అది కూడా. వాళ్ళు ఇంకా తేల్చుకోకపోతే నువ్వూ తేల్చకు.

కథనాలన్నీ ఒకేసారి తిరగరాయకు. ముందు ఏటీఎం లైను గానీ బర్త్ సర్టిఫికెట్ గానీ, ఏదో ఒకటి పట్టుకో. అరబ్బీ మాటలు నువ్వు విన్నట్టే వాడు, ప్రతిదానికీ అర్థం చెబుతూ కూర్చోకు, సందర్భమే చెబుతుంది. ఎడిటర్ గారు పిల్లల ఫోటోలు పంపమంటున్నారని రాశావు. లేవని చెప్పు. పట్టుబడితే నాకు ఫోన్ చెయ్యమను, నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు