నీరు తేటగా ఉంటే తొట్టె సిద్ధమైనట్టేనా?

ప్రశ్న: పోయిన ఏడాది కొత్త అక్వేరియం కొని, కుళాయి నీరు నింపి, ఆ సాయంత్రమే ఆరు గోల్డ్‌ఫిష్‌లను వదిలాము. వారం తిరగకముందే నాలుగు చనిపోయాయి. నీరు మాత్రం తేటగానే ఉంది. ఇప్పుడు మా అబ్బాయి పోరు పడలేక రెండడుగుల తొట్టె తెచ్చాము. నీటిని ఒక రోజు నిలవ ఉంచితే చాలునా? అడుగున బీచ్ ఇసుక వేయవచ్చునా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: మీరు చెప్పిన తీరును బట్టి చూస్తే, ఆ చేపల ప్రాణం తీసింది బహుశా కంటికి కనిపించని అమ్మోనియా. చేపలు విసర్జించేదీ, తినకుండా వదిలేసిన మేత కుళ్లి పుట్టేదీ కలిసి కొత్త తొట్టెలో రోజురోజుకూ పేరుకుంటుంది. పాత తొట్టెలోనైతే ఫిల్టర్ స్పాంజిని, గులకరాళ్లను అంటిపెట్టుకొని ఉన్న ఒక రకం బ్యాక్టీరియా దానిని నైట్రైట్‌గానూ, మరొక రకం ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గానూ మారుస్తూ ఉంటాయి. నడిమి నైట్రైట్ కూడా తక్కువది కాదు. అది చేప రక్తం ప్రాణవాయువును మోయకుండా చేస్తుంది.

ఒక రోజు నిలవ ఉంచితే, అందులోనూ ఎయిర్ పంప్ ఆడిస్తే, క్లోరిన్ చాలావరకు పోతుంది గాని ఈ బ్యాక్టీరియా రాదు. తాగునీటి ప్రమాణాల ప్రకారం కుళాయి నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. అది మనకు రక్ష, చేపల మొప్పలకూ మనం పెంచదలచిన బ్యాక్టీరియాకూ శత్రువు. అందువల్ల దుకాణంలో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కలను సీసాపై చెప్పిన మోతాదులో వాడడం మేలు.

బీచ్ ఇసుక వద్దు. అందులో ఉప్పు ఉంటుంది. ఎన్నిసార్లు కడిగినా పోని గవ్వల ముక్కలు నీటి కాఠిన్యాన్ని పెంచుతూనే ఉంటాయి. ఏరి తెచ్చిన రాళ్లపైన కూడా నాలుగు చుక్కల వెనిగర్ వేసి చూడండి. నురగ పొంగితే ఆ రాయి సున్నపురాయి జాతిది, పక్కన పెట్టండి. తొట్టెను సబ్బుతో మాత్రం కడగవద్దు.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న తొట్టెలో పదమూడు అంగుళాల మట్టానికి నింపితే దాదాపు 60 లీటర్లు పడతాయి. అద్దం, రాళ్లతో కలిపి బరువు 80 కిలోల దాకా పోతుంది. కాబట్టి గట్టి బల్లపైన, కింద థర్మకోల్ షీటు పరచి, ఎండ నేరుగా పడని చోట పెట్టండి. మొదట నీరు నింపి ఒక రోజంతా అంచుల వెంట పొడి కాగితం అద్దుతూ, కారుతున్నదేమో చూసుకోండి.

ఆ తరువాతే అసలు పని. ఫిల్టర్‌ను రాత్రింబవళ్లు ఆడిస్తూ, చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేయండి. అది కుళ్లి ఇచ్చే అమ్మోనియాయే బ్యాక్టీరియాకు ఆహారం. మొదటి రోజుల్లో నీరు పాలు కలిపినట్టు మసకబారితే బెంగపడి పారబోయకండి, దానంతట అదే తేరుకుంటుంది. బ్యాక్టీరియా పెరిగి తొట్టె సిద్ధం కావడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టె ఎవరి ఇంట్లోనైనా ఉంటే, వాడుతున్న స్పాంజి ముక్కను తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టుకోండి, గడువు బాగా తగ్గుతుంది. పిల్లవాడిని అన్ని రోజులు ఆపడం కష్టమే. నీటిలో అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ ఎంత ఉన్నాయో రంగుతో చూపే టెస్ట్ కిట్‌ను అబ్బాయి చేతికిచ్చి, రంగులు చూసి రోజూ నోట్‌బుక్‌లో రాయమనండి. మేత వేస్తూనే ఉన్నా అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపి, నైట్రేట్ కనిపించిన రోజున తొట్టె సిద్ధం.

అప్పుడు సగం నీరు మార్చి, క్లోరిన్ తీసిన నీరే మళ్లీ పోసి, గప్పీ అనే చిన్న చేపలు రెండు మూడింటితో మొదలుపెట్టండి. గోల్డ్‌ఫిష్ బాగా పెరిగే చేప, ఆరింటికి ఈ తొట్టె చాలదు. చేపల కవరును ఇరవై నిమిషాలు తొట్టె నీటిపై తేలనిచ్చి, వలతో చేపలను మాత్రమే వదలండి. కవరులోని నీటిని సింకులో పారబోయండి.