టీఎక్స్‌క్యూలెన్ తగ్గించినా పింగ్ ఎందుకు తగ్గట్లేదు?

పెద్ద ఫైలు అప్‌లోడ్ పెట్టగానే పింగ్ (ప్యాకెట్ వెళ్లి జవాబు రావడానికి పట్టే టైమ్) వెయ్యి మిల్లీసెకన్లు దాటుతోంది, లినక్స్‌లో టీఎక్స్‌క్యూలెన్ (పంపే క్యూలో ఎన్ని ప్యాకెట్లు ఆగొచ్చో చెప్పే సెట్టింగ్) 1000 నుంచి 50కి దించినా తేడా లేదు, ఎందుకు అని కదా మీరు అడిగింది. నేనూ అచ్చం ఇదే పని చేసి రెండు రాత్రులు పోగొట్టుకున్నాను.

ముందు మీ ఇంటర్‌ఫేస్ (నెట్‌వర్క్ కార్డు) మీద ఏ క్యూడిస్క్ (బయటికెళ్లే ప్యాకెట్ల వరసను నడిపే కెర్నల్ భాగం) ఉందో చూడండి. టీఎక్స్‌క్యూలెన్ మాట వినేది పీఫైఫో ఫాస్ట్ లాంటి పాతకాపు క్యూడిస్క్‌లు. ఇప్పుడు చాలా డిస్ట్రోల్లో సిస్టమ్‌డీ (సిస్టమ్‌ను మొదలెట్టి నడిపే ప్రోగ్రామ్) పుణ్యమా అని ఎఫ్‌క్యూ కోడెల్ అనే క్యూడిస్క్ డిఫాల్ట్‌గా వస్తోంది, దానికి 10,240 ప్యాకెట్ల సొంత లిమిట్ ఉంది, మీరు 50 పెట్టినా 5 పెట్టినా దాని చెవికెక్కదు.

సరే, మీది పీఫైఫో ఫాస్టే అనుకుందాం. కెర్నల్ ప్యాకెట్‌ను క్యూడిస్క్‌లో పెడుతుంది, అక్కడినుంచి అది డ్రైవర్ చేతికొస్తే డ్రైవర్ దాని అడ్రస్‌ను కార్డు తాలూకు టీఎక్స్ రింగ్‌లో (పంపాల్సిన ప్యాకెట్ల చిట్టాలో) రాస్తుంది, కార్డు డీఎంఏతో (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా) మెమరీలోంచి తనే చదువుకుని కేబుల్ మీదికి తోస్తుంది. ఒకసారి రింగ్‌లో పడ్డాక క్యూడిస్క్‌కి దానిమీద ఏ అధికారమూ లేదు, మీ వాయిస్ కాల్ ప్యాకెట్ ఎంత అర్జెంట్ అయినా ముందున్నవన్నీ వెళ్లాల్సిందే. 256 స్లాట్ల రింగ్ 1500 బైట్ల ప్యాకెట్లతో నిండిందంటే 384 కేబీ. గిగాబిట్ లింకులో అది 3 మిల్లీసెకన్ల పని, అదే 10 ఎంబీపీఎస్ లింకులో 300. అందుకే 2012లో 3.3 కెర్నల్‌కి బీక్యూఎల్ (బైట్ క్యూ లిమిట్స్) చేర్చారు, రింగ్‌లో ఎన్ని బైట్లు ఉండనివ్వాలో అదే కొలుచుకుంటుంది (డ్రైవర్ సపోర్ట్ ఉంటేనే).

ఇంత చదివి నేను రింగ్ సైజు కూడా తగ్గించాను. ఏమీ కాలేదు! పాత డెస్క్‌టాప్‌కి రెండు నెట్‌వర్క్ కార్డులు పెట్టి రూటర్‌గా వాడుతున్నా. చివరికి అప్‌లోడ్ నడుస్తుండగా టీసీ కమాండ్‌తో క్యూడిస్క్ స్టాటిస్టిక్స్ తీస్తే బ్యాక్‌లాగ్ (క్యూలో ఆగి ఉన్న ప్యాకెట్ల లెక్క) సున్నా. మళ్లీ కొట్టా, మళ్లీ సున్నా. అప్పుడు వెలిగింది: నా కార్డుకీ మోడెమ్‌కీ మధ్య లింకు 1 గిగాబిట్, మోడెమ్ నుంచి బయటికి 10 ఎంబీపీఎస్. నా పీసీలో అసలు క్యూనే లేదు, వచ్చింది వచ్చినట్టు మోడెమ్ మీదికి కుమ్మరిస్తోంది, జనం ఆగింది అక్కడ. తిరుమలలో కంపార్ట్‌మెంట్లు నిండిపోయి ఉంటే కొండ కింద బస్సులు తగ్గించామని దర్శనం త్వరగా అవుతుందా?

మోడెమ్ బఫర్ మన చేతిలో లేదు కాబట్టి క్యూని మన పీసీలోకే లాక్కోవాలి. 4.19 కెర్నల్ నుంచి ఉన్న కేక్ అనే క్యూడిస్క్‌ని మోడెమ్ వైపు కార్డుకి తగిలించి బ్యాండ్‌విడ్త్ 9 ఎంబీపీఎస్ ఇచ్చాను. బ్యాక్‌లాగ్‌లో అంకెలు కదిలాయి, పింగ్ 1100 నుంచి 30 లోపుకి దిగింది. ఒక ఎంబీపీఎస్ వదులుకున్నందుకు నాకేం బాధ లేదు.

మీరూ అప్‌లోడ్ పెట్టి ముందు ఆ బ్యాక్‌లాగ్ చూడండి. సున్నా అయితే కేక్ పెట్టి, మీ అసలు అప్‌లోడ్ స్పీడులో 90 శాతంతో మొదలెట్టి, పింగ్ పాడవనంత వరకూ కొంచెం కొంచెం పెంచుకోండి. వైఫై మీదుంటే క్యూడిస్క్ దగ్గర నోక్యూ అని కనపడొచ్చు, కంగారు పడకండి, చాలా డ్రైవర్లకు ఆ క్యూ వైఫై స్టాక్ లోపలే ఉంటుంది.