గ్రాఫ్ చూసి స్పీకర్ విప్పకు

టి.నగర్, చెన్నై

చిరంజీవి రవికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన గ్రాఫ్ చూశాను, నీ స్పీకర్ మంద్రం (తక్కువ హెర్ట్జ్) నుంచి తారం (ఎక్కువ హెర్ట్జ్) దాకా ఏ శబ్దాన్ని ఎంత గట్టిగా పలుకుతోందో చూపే గీత. "120 హెర్ట్జ్ దగ్గర ఉబ్బు, 1,000 దాటాక ఇంకో ఉబ్బు, 60 దగ్గర పెద్ద గొయ్యి. ఇంత డబ్బు పోసి తప్పు చేశానా మామయ్యా?" అని అడిగావు. క్రాసోవర్ (శబ్దాన్ని మంద్రం, తారం అని విడదీసి పంచే సర్క్యూట్) విప్పి కొత్త కెపాసిటర్లు వేస్తానన్నావు. ఇది పూర్తిగా చదివేదాకా స్క్రూడ్రైవర్ ముట్టుకోకు.

మల్లేశ్వరం పెద్దాయన దగ్గర ఆ రోజర్స్ ఎల్‌ఎస్‌ 3/5ఎ స్పీకర్ల జత కొన్న రోజు రాత్రి నాకు ఫోన్ చేశావు. బాలమురళీకృష్ణ గారు గదిలో ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టుంది అన్నావు. రెండు వారాలు సంతోషంగా విన్నావు. శనివారం మైకు కొనుక్కొచ్చి కొలిచావు. అప్పటినుంచి ఒక్క పాట కూడా చివరిదాకా వినలేదని నువ్వే చెప్పావు. మారింది స్పీకర్ కాదు కదా. నాకు బాధ కలిగించింది అదే.

అలాగని కొలవడం తప్పని అనను. ఆ స్పీకర్ పుట్టిందే కొలతల్లోంచి. 1970లలో బీబీసీ ఇంజనీర్లు బయటి ప్రసారాల వ్యాన్‌లో పట్టేంత చిన్న మానిటర్ (శబ్దాన్ని సరిచూసుకునే స్పీకర్) కావాలని దాన్ని తయారుచేశారు. లోపల జాగా సుమారు ఐదు లీటర్లే. కెఫ్ కంపెనీ ఊఫర్ (మంద్రం పలికేది), ట్వీటర్ (తారం పలికేది) వాడి, ఒక్కో జతకూ ట్వీటర్ శబ్ద మట్టం సరిపోయేలా క్రాసోవర్‌లో ట్యాపులు, అంటే మట్టం మార్చుకునే మెట్లు, పెట్టారు. అయితే కొలిచి ఊరుకోలేదు. స్టూడియోలో మనిషి మాట్లాడుతుంటే ఆ అసలు గొంతునూ, స్పీకర్‌లోంచి వచ్చే గొంతునూ పోల్చి వినడం బీబీసీ వాళ్ల పద్ధతి. మీటరూ చెవీ ఒకే బల్ల మీద పనిచేశాయి.

ఇప్పుడు నీ 120 దగ్గరి ఉబ్బు సంగతి. అంత చిన్న మూసిన డబ్బాలోంచి లోతైన బాస్ రాదు. 70 హెర్ట్జ్ కిందకు వెళ్లేసరికి శబ్దం పడిపోతుంది. దానికి కొంచెం పైన ఆ ఉబ్బు ఉండటం వల్ల మృదంగం తొప్పికి కాస్త బరువు వచ్చినట్టు చెవికి అనిపిస్తుంది. పైగా నువ్వు వినేది అపార్ట్‌మెంట్‌లో, రాత్రి పదకొండుకు, పక్కింటివాళ్లు లేవకుండా. శబ్దం తగ్గించినకొద్దీ మన చెవికి బాస్ మిగతా వాటికంటే ఎక్కువ తగ్గినట్టు వినిపిస్తుంది. 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు దీన్ని కొలిచి చూపించారు. పాత యాంప్‌లలో బాస్ పెంచే లౌడ్‌నెస్ బటన్ ఉండేది అందుకే. కాబట్టి నీ గదిలో, నువ్వు వినే మట్టంలో, ఆ ఉబ్బు నీకు మేలే చేస్తోంది. 1,000 పైన ఉన్నది మాత్రం మేలని చెప్పను. కొన్ని మగ గొంతుల్లో కొంచెం ముక్కుతో పలికినట్టు వస్తుంది. నేనూ విన్నాను. దానితో బతకవచ్చు.

60 దగ్గర గొయ్యి బహుశా నీ గదిదే. స్పీకర్ ముందు మీటరు దూరంలో, నేల నుంచి మీటరు ఎత్తులో మైకు పెట్టావనుకో. నేలకు తగిలి వచ్చే శబ్దం మూడున్నర మిల్లీసెకన్ల ఆలస్యంగా మైకులో పడుతుంది. అది రాకముందే కొలత కత్తిరిస్తే, సుమారు 300 హెర్ట్జ్ కింద ఏముందో నీకు సరిగా తెలియదు. కత్తిరించకపోతే కింద కనిపించేది సగం గది. పన్నెండు అడుగుల గోడల మధ్య 47, 48 హెర్ట్జ్ దగ్గర గది తనంతట తానే మోగుతుంది. ఒక పని చెయ్యి. మైకును మూర దూరం పక్కకు జరిపి మళ్లీ కొలువు. జరిగిపోయే గొయ్యి గదిది. కదలకుండా ఉన్నది స్పీకర్‌ది. ఇంకోటి, నువ్వు పంపిన ఫోటోలో డబ్బాలు పుస్తకాల అరలో గోడకు ఆనుకుని ఉన్నాయి. గోడ ఆ ఉబ్బును ఇంకా పెంచుతుంది. స్టాండ్ల మీద, గోడకు కనీసం రెండడుగులు ఇవతల, ట్వీటర్ చెవి ఎత్తులో పెట్టు. గ్రిల్ గుడ్డ తీయకు. ట్వీటర్ చుట్టూ ఉన్న ఫెల్ట్, ముందున్న గుడ్డ, అన్నీ కలిపే ఆ శబ్దాన్ని తీర్చారు.

నువ్వు కొలవాల్సింది వేరే ఉంది. ఎడమ డబ్బాను ఒక్కదాన్నే కొలిచి, దాన్ని తీసి సరిగ్గా అదే చోట కుడి డబ్బా పెట్టి కొలువు. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి వెయ్యి. గీత వంకరగా ఉన్నా పరవాలేదు, రెండూ ఒకేలా వంకరగా ఉండాలి. ఒక డెసిబెల్‌లోపు కలిస్తే ఇంకేమీ ముట్టుకోకు. కలవకపోతే ఎక్కడో ఏదో పాడైంది, అప్పుడు విప్పుదాం.

ఇది నేను పోగొట్టుకుని నేర్చుకున్నది. 1980లలో బర్మా బజార్‌లో ఒక పెద్ద త్రీ-వే (శబ్దాన్ని మూడు భాగాలుగా పంచుకునే) స్పీకర్ల జత కొన్నాను. అప్పటికే పాతవి. నాలుగేళ్లు వాటి మీద ఈమని శంకరశాస్త్రి గారి వీణ విని, ఎంత మెత్తగా ఉందో అని మురిసిపోయాను. ఇంటికొచ్చిన వాళ్లందరికీ వినిపించాను. ఒకరోజు మోనో రికార్డు (రెండు డబ్బాల్లోనూ ఒకే శబ్దం వచ్చేది) పెడితే గొంతు మధ్యలో నిలబడకుండా కుడివైపుకు జరిగింది. రిచీ స్ట్రీట్‌లో తెలిసినవాళ్ల దగ్గర మీటరు అడిగి తెచ్చి కొలిచాను. ఎడమ డబ్బాలో 4,000 హెర్ట్జ్ పైన ఆరు డెసిబెల్స్ పడిపోయి ఉంది. కుడివైపు కూడా తగ్గింది గానీ అంత కాదు. క్రాసోవర్‌లో ఎలక్ట్రోలిటిక్ (లోపల ద్రవం ఉండే) కెపాసిటర్లు ఎండిపోయాయి. నేను మాధుర్యం అనుకున్నది జబ్బు. బాగుచేయించాక రెండు రోజులు చెవిలో గుచ్చుకున్నట్టుంది, పాతవే తిరిగి వేయించుకుందామనిపించింది. మూడో వారానికి తంబురా తీగ కింద దారం పెడితే వచ్చే ఝుంకారం వినపడింది. నాలుగేళ్లుగా ఆ రికార్డులో అది ఉందని నాకు తెలియనే తెలియదు.

అందుకే చెబుతున్నాను. చెవి అలవాటు పడిపోతుంది, ఒక్కదాన్నే నమ్మకు. గ్రాఫ్‌కు పాట తెలియదు, దాన్ని ఒక్కదాన్నే నమ్మకు. జబ్బు ఉందో లేదో మీటర్‌ని అడుగు. ఇంట్లో ఉంచుకోవాలో వద్దో చెవిని అడుగు.

చెవిని అడగడానికీ ఒక పద్ధతి ఉంది. కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఫ్లాయిడ్ టూల్ 1980లలో తెర వెనక స్పీకర్లు పెట్టి జనానికి వినిపించారు. బ్రాండు, రూపం కనిపించనప్పుడు ఎక్కువమంది నునుపైన, సమమైన గీత ఉన్నవాటినే మెచ్చుకున్నారు. పాతవాటి మీద ప్రేమతో ఈ మాట దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు. నువ్వూ చేసి చూడు. మీ దగ్గరున్న కొత్త స్పీకర్లు, ఇవీ పక్కపక్కన పెట్టి పల్చటి గుడ్డ కప్పు. నువ్వు కూర్చునే చోట మైకు పెట్టి రెండింటి శబ్దం అర డెసిబెల్ తేడాలోపు సమం చెయ్యి. ఇది మాత్రం వదలొద్దు, ఎందుకంటే కొంచెం గట్టిగా మోగేది ఎప్పుడూ బాగున్నట్టే ఉంటుంది. నీ రోజర్స్ సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన కరెంటుకు ఎంత గట్టిగా మోగుతాయన్నది, 82, 83 డెసిబెల్సే కాబట్టి సమం చేయకపోతే అవి మొదటే ఓడిపోతాయి. స్వాతిని ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చమను, ఏది మోగుతోందో చెప్పొద్దను. ముందు ఒక్కో స్పీకర్ మీద మోనోలో విను, తేడాలు అలాగే బాగా పట్టుబడతాయి. ఒక మగ గొంతు, ఒక ఆడ గొంతు, తంబురా, వయొలిన్. నాలుగైదు రోజులు, రోజుకు కొంచెం.

అప్పటికీ పాతవే నచ్చితే అవి నీవి. ఎవరి గ్రాఫూ అడ్డు రాదు. కొత్తవి నచ్చినా సిగ్గుపడకు.

కెపాసిటర్ల సంగతి ఒక్క ముక్క. సరదాకి పాలీప్రొపిలీన్ (ప్లాస్టిక్ పొర) కెపాసిటర్లు వెయ్యకు. పాత ఎలక్ట్రోలిటిక్ ఉన్నచోట వాటిని పెడితే లోపలి రెసిస్టెన్స్ తగ్గి ట్వీటర్ గట్టిపడుతుంది, ఆ కొలిచి పెట్టిన ట్యాపు లెక్క తప్పుతుంది. రెండు డబ్బాల ట్వీటర్లు ఒకదానిలోవి మరోదానిలో పెట్టకు. ఊఫర్ అంచు రబ్బరే, ఫోమ్ అయ్యుంటే ఎప్పుడో పొడి అయ్యేది, కాబట్టి దాని గురించి టెన్షన్ వద్దు. పార్టీ పెట్టుకుంటే మాత్రం వాటిని వాడకు, అంత శబ్దం అవి మోయలేవు.

డిసెంబర్ సీజన్‌కు వస్తావు కదా, మైకు సంచిలో వేసుకురా. నా త్రీ-వేల కెపాసిటర్లు మార్చి మళ్లీ పదిహేనేళ్లు దాటాయి, ఈసారి నువ్వే కొలువు. అక్కకు నా నమస్కారం చెప్పు.

మీ మామయ్య