పాత 315 బోర్ రైఫిల్ కొనాలనుకుంటే డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: వికారాబాద్ వైపు పొలం ఉంది, ఆయుధ లైసెన్స్ చేతికొచ్చింది. హైదరాబాద్‌లో ఒక డీలర్ దగ్గర ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసిన 315 బోర్ (బోర్ అంటే బ్యారెల్ లోపలి కొలత) బోల్ట్ యాక్షన్ రైఫిల్, అంటే ప్రతిసారీ చేత్తో బోల్ట్ లాగి పేల్చేది, పాతది తక్కువ ధరకు ఉంది. దాన్ని కొని, స్కోప్ పెట్టించి, కర్ర (రైఫిల్ చెక్క భాగం) మార్పించి మంచి వేట రైఫిల్‌గా చేసుకోవచ్చా?

నా దగ్గర ఉన్నదీ అలాంటి రైఫిలే, అదీ సెకండ్ హ్యాండే. అందుకే కాస్త పొడవుగా రాస్తున్నాను.

కొనొచ్చు. స్కోప్, కొత్త కర్ర మాత్రం ఇప్పుడే వద్దు. పాత 315 గుండు ఒకచోట పడటం లేదంటే, చాలాసార్లు తప్పు బ్యారెల్ మూతి దగ్గర ఉంటుంది, లేదా కర్రలో ఇనుము సరిగ్గా కూర్చోకపోవడంలో ఉంటుంది. ఆ రెండూ సరిచేయించకుండా స్కోప్ బిగిస్తే గుండ్లు చెల్లాచెదురుగా పడటాన్ని ఇంకాస్త స్పష్టంగా చూస్తారు, అంతే.

ఇక వేట సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు మన దేశంలో సరదా వేట లేదు. రైఫిల్ పేరులో ‘స్పోర్టింగ్’ అని ఉన్నా, లైసెన్స్ మీద పంట రక్షణ అని ఉన్నా జంతువును కాల్చే హక్కు దానితో రాదు. పందులు మొక్కజొన్న తొక్కేస్తుంటే కడుపు మండుతుంది, నాకు తెలుసు, మాదీ పొలమే. కానీ పంటకు నష్టం చేసే జంతువును కాల్చాలంటే ఆ చట్టం సెక్షన్ 11 కింద అటవీ శాఖ అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. మనంతట మనం రాత్రిపూట మంచె ఎక్కి కాల్చేస్తే జంతువు కేసు ఒకటి, లైసెన్స్ పోవడం ఇంకొకటి. ఆత్మరక్షణలో, మనిషి ప్రాణం మీదికొచ్చినప్పుడు జరిగిన దాన్ని చట్టం వేరేగా చూస్తుంది. పంట ఆ లెక్కలోకి రాదు.

అసలు మన దగ్గర అందరి చేతిలో ఈ 315 బోరే ఎందుకుంటుందంటే, బ్రిటిష్ కాలంలో సైన్యం వాడే 303 తూటా పౌరుల చేతికి వెళ్లకూడదని నిషేధం పెట్టారు. దాంతో బీఎస్ఏ లాంటి బ్రిటన్ కంపెనీలు సైన్యం వాడే అదే లీ-ఎన్‌ఫీల్డ్ తరహా రైఫిల్‌ను ఆస్ట్రియా మాన్‌లిచర్ 8×50ఆర్ తూటాకు తగ్గట్టు చేసి ఇక్కడ అమ్మాయి. స్వాతంత్ర్యం తర్వాత పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దాన్నే కొనసాగించింది. 2021 అక్టోబరులో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలను కంపెనీలుగా విడగొట్టాక ఇషాపూర్ అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా కిందికి వచ్చింది. 303 ఇప్పటికీ నిషేధిత బోరే. ‘303లోకి మార్పిస్తా’ అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. విదేశీ రైఫిళ్ల దిగుమతి 1980ల నుంచి మామూలు లైసెన్సుదారులకు ఆగిపోయింది కాబట్టి పాత బ్రనో, మౌజర్ లాంటి విదేశీ రైఫిళ్లు బడ్జెట్ వాళ్లకు అందవు. మనకు మిగిలేది ఇదే. చెడ్డ రైఫిలేం కాదు, నాజూకుగా ఉండదంతే.

సెకండ్ హ్యాండ్‌లో ఈ మధ్య ఎక్కువగా కనబడటానికి ఒక కారణం ఉంది. 2019 ఆయుధ చట్ట సవరణతో ఒక మనిషికి ఉండదగ్గ ఆయుధాలు మూడు నుంచి రెండుకు తగ్గాయి, మూడోది ఏడాదిలోగా అప్పగించమన్నారు. తండ్రి చనిపోయాక పిల్లలకు ఆసక్తి లేక డీలర్ దగ్గర సేఫ్ కస్టడీలో ఏళ్ల తరబడి పడి ఉన్నవీ ఉంటాయి. నాది అలా వచ్చిందే. వీటిలో కొన్ని ఎక్కువగా పేల్చనివి, బ్యారెల్ కొత్తగా ఉంటుంది. కొన్ని తుడిచే దిక్కు లేక లోపల తుప్పు పట్టినవి. బయటి పాలిష్ చూసి తేడా చెప్పలేం.

కాగితాల గురించి రెండు ముక్కలు. మీ లైసెన్స్‌లో రైఫిల్ అని, ఆ బోర్ అని ఉందో లేదో చూసుకోండి. డీలర్ దగ్గర కాకుండా మరో లైసెన్సుదారు దగ్గర నేరుగా కొంటే, అమ్మే ఆయన ముందుగా జిల్లా మేజిస్ట్రేట్‌కు గానీ దగ్గరి పోలీసు స్టేషన్‌కు గానీ రాతపూర్వకంగా తెలియజేసి, 45 రోజులు గడిచాకే అప్పగించాలి. మన నగరంలో లైసెన్స్ పని కమిషనరేట్‌లో నడుస్తుంది కాబట్టి మీ ఇల్లు ఏ కమిషనరేట్ పరిధిలోకి వస్తుందో ముందే తెలుసుకోండి. సిటీలో ఒకచోట ఉంటూ ఆధార్‌లో ఇంకో అడ్రస్ ఉన్నవాళ్లు ఇక్కడే తిరుగుతుంటారు. అడ్వాన్స్ ఇవ్వడం ఇవన్నీ తేలాకే.

ఇప్పుడు రైఫిల్‌ను చూసే పద్ధతి. చేతికి ఇవ్వగానే మ్యాగజైన్ తీసి, బోల్ట్ వెనక్కి లాగి, ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూసుకోండి. డీలర్ చూసి ఇచ్చినా సరే.

మొదట నంబర్లు. రిసీవర్ (బ్యారెల్ వెనక బోల్ట్ కదిలే ఇనుప భాగం) మీదున్న నంబరే బోల్ట్ మీదా ఉండాలి. ఈ తరహా రైఫిల్‌లో బోల్ట్‌ను ఆ రిసీవర్‌కే సరిపడా కూర్చోబెడతారు. కస్టడీలో బోల్టులు విడిగా తీసి పెట్టే చోట ఒకదానిది ఇంకోదానికి వెళ్లిపోతుంటుంది. పైకి చక్కగా లాక్ అవుతుంది గానీ లోపల తూటా వెనక ఉండాల్సిన సందు తేడాగా ఉంటే పేలినప్పుడు తూటా ఇత్తడి తొడుగు సాగుతుంది, చిట్లుతుంది కూడా. నంబర్ కలవకపోతే లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) ఆ సందు కొలిచే గేజ్ పెట్టి చూసేదాకా కొనకండి. నేనైతే ధర ఎంత తగ్గించినా అసలు తీసుకోను.

తర్వాత బ్యారెల్. నూనె పూసి ఉన్న బ్యారెల్ లోపల ఎప్పుడూ మెరుస్తూనే కనిపిస్తుంది. పొడి గుడ్డ దూర్పించి తుడిపించాక, బోల్ట్ తీసేసి వెలుతురు వైపు పట్టి చూడండి. గుండును తిప్పే లోపలి గాడుల అంచులు పదునుగా ఉండాలి. అక్కడక్కడ మసకగా ఉంటే పర్వాలేదు, వెనక భాగంలో గుంటలు వరుసగా ఉంటే వద్దు. పాత తూటాల ప్రైమర్‌లో (తూటా వెనక మందును అంటించే చిన్న బిళ్ల) పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలాక మిగిలేది ఒక రకం ఉప్పు, గాల్లో తేమ లాక్కుంటుంది. నూనె దాన్ని కరిగించదు, నీళ్లు కరిగిస్తాయి. అందుకే పాతకాలం వాళ్లు పేల్చిన రోజే బ్యారెల్‌లో మరిగే నీళ్లు పోసి, ఆరబెట్టి, తర్వాత నూనె పెట్టేవారు. నూనె ఒక్కటే పెట్టి పక్కన పడేసిన రైఫిళ్లే లోపల గుంటలు పడ్డాయి.

మూతి మీద ఇంకాస్త సమయం పెట్టండి. సైన్యం పద్ధతిలో పుల్‌త్రూతో, అంటే బ్యారెల్‌లోంచి గుడ్డను లాగే తాడుతో, శుభ్రం చేసేవాళ్లు ఆ తాడును ఒక పక్కకు ఒరిపించి లాగుతారు. ఏళ్ల తరబడి అలా లాగితే మూతి అంచు ఒకవైపు అరిగి కోలగా అవుతుంది. గుండు బయటికొచ్చే క్షణంలో వెనకున్న వాయువు ఆ అరిగిన వైపు నుంచి ముందు తప్పించుకుని గుండును పక్కకు నెడుతుంది. భూతద్దంతో చూస్తే తెలుస్తుంది. ఇది ఉన్నంత మాత్రాన వద్దనకండి, ధర తగ్గించమనండి. గన్‌స్మిత్ లేత్ మీద మూతిని కాస్త కొత్తగా కోసి సరిచేస్తాడు. అయితే బ్యారెల్ పొట్టి చేయడం వేరే విషయం, దానికి చట్టంలో విడిగా ఆంక్ష ఉంది. అసలు మరమ్మతు చేసేవాళ్లకే ఆయుధ చట్టం కింద లైసెన్స్ ఉండాలి. కాబట్టి తెలిసిన లేత్ షెడ్డుకో వెల్డింగ్ షాపుకో పట్టుకెళ్లకండి, వాళ్ల పనితనం ఎంత బాగున్నా సరే.

సేఫ్టీ: ఖాళీ రైఫిల్‌కు బోల్ట్ మూసి, సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదలండి. ఇప్పుడు ట్రిగ్గర్ ముట్టుకోకుండా సేఫ్టీ తీయండి. అప్పుడు లోపలి ఫైరింగ్ పిన్ను టక్కున పడిందంటే లోపల ఎవరో అరగదీశారు. ట్రిగ్గర్ మెత్తగా ఉండాలని ఆకురాయితో రుద్దించే అలవాటు మనవాళ్లకు ఉంది. ఈ రైఫిల్ ట్రిగ్గర్ రెండు దశల్లో, కాస్త బరువుగానే ఉంటుంది, అలాగే వదిలేయండి.

మ్యాగజైన్ అంచులు వంగి ఉన్నాయేమో చూడండి. ఈ తూటాకు వెనక అంచు బయటికి పొడుచుకుని ఉంటుంది. పై తూటా అంచు కింది దాని అంచుకు ముందు ఉండేలా నింపాలి, లేకపోతే ఇరుక్కుంటుంది.

కొన్నాక నేను ఖర్చు పెట్టింది ముఖ్యంగా ముందు కర్ర (బ్యారెల్ కింద ఉండే చెక్క భాగం) మీద. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో కర్ర ఎండి ముడుచుకుంటుంది, జూలైకి ఉబ్బుతుంది. ఇన్నేళ్లు ఇలా జరిగాక రిసీవర్ వెనక ఆనుకునే చోట కర్ర నలిగి సందు వస్తుంది. పేల్చిన ప్రతిసారి ఇనుము వెనక్కి కదిలి కొత్త చోట ఆగుతుంది, గుండు కూడా కొత్త చోట పడుతుంది. ట్రిగ్గర్ గార్డ్ ముందున్న పెద్ద స్క్రూ ఎంత బిగించినా మళ్లీ వదులవుతుంటే ఇదే అనుకోండి. గన్‌స్మిత్ ఆ ఆనుకునే చోట గట్టి కర్ర ముక్కలు అతికి, రెండు వైపులా సమానంగా తగిలేలా చెక్కాడు. బ్యారెల్‌కు కర్ర ఒక పక్క రాసుకుంటున్న చోటా తీసేశాడు. మూతి కూడా సరిచేయించాక, అనుమతితో రేంజిలో పేలిస్తే మొదట్లో అడుగు వెడల్పున పడే గుండ్లు వంద గజాల్లో ఐదారు అంగుళాల్లోకి వచ్చాయి. రైఫిల్ మీదుండే మామూలు ఇనుప గురి గుర్తులతో, సాధారణ ఫ్యాక్టరీ తూటాతో అంతకంటే నేను ఆశించను కూడా.

కర్ర మీరే విప్పాలనుకుంటే ఒక జాగ్రత్త. వెనక బట్ (భుజానికి ఆనే కర్ర) లోపల దాన్ని బిగించే పొడవాటి మర బోల్ట్ ఉంటుంది. నంబర్ 1 తరహా లీ-ఎన్‌ఫీల్డ్‌లలో దాని చదరపు కొస ముందు కర్రలోని చిన్న రేకులో ఇమిడి ఉంటుంది. ముందు కర్ర తీయకుండా ఆ బోల్ట్ తిప్పితే ముందు కర్ర వెనక భాగం చీలిపోతుంది. అమ్మకానికి వచ్చే వాటిలో ఆ చోట జిగురు పెట్టి అతికినవి కనబడేది ఇందుకే, కొనేటప్పుడు అక్కడా చూడండి.

పైపూత వార్నిష్ వద్దు. పాతది తీసేసి పచ్చి అవిసె నూనె పలచగా రుద్ది, ఒక్కో పూత ఆరనిచ్చి మళ్లీ రుద్దండి. రాణిగంజ్ పెయింట్ షాపుల్లో అడగండి. నూనె గుడ్డలు మాత్రం ముద్దగా చుట్టి మూలన పడేయకండి, అవిసె నూనె ఆరేటప్పుడు వేడెక్కి వాటంతటవే అంటుకుంటాయి. నీళ్లలో తడిపి పారేయండి. బట్ వెనక తొడిగే రబ్బరు ప్యాడ్ ఒకటి కొనుక్కోండి, ఇత్తడి ప్లేటు భుజానికి చాలా మొరటుగా తగులుతుంది.

స్కోప్ గురించి అంత పట్టుదల ఉంటే, పాత 315కి పైన స్కోప్ బిగించే రైలు పట్టీ ఉండదు. రిసీవర్‌కు రంధ్రాలు వేయాలి. గట్టిపరచిన ఇనుముకు తప్పుచోట రంధ్రం పడితే రైఫిల్ విలువా పోతుంది, బలమూ పోతుంది. ఆ పనిలో నంబర్ల గుర్తులు చెరిగితే అది మళ్లీ వేరే నేరం. పాత బండికి ఇంజిన్ చూపించకుండా అలాయ్ వీల్స్ వేయించడంలా ఉంటుంది నాకు.

ఇంకో సంగతి, దీన్ని కొనేముందే ఆలోచించాల్సింది. హైదరాబాద్‌లో 315 పేల్చుకునే చోటు దొరకడం కష్టం. ఇక్కడి రేంజిలు ఎక్కువగా ఎయిర్ రైఫిల్, 22 బోర్ కోసమే. ఒలింపిక్ షూటర్ గగన్ నారంగ్ పుణ్యమా అని నగరంలో ఆ వైపు అవకాశాలు బాగానే పెరిగాయి. మీ అసలు కోరిక గురి చూసి కాల్చడమే అయితే రైఫిల్ అసోసియేషన్‌లో చేరి 22 బోర్ బోల్ట్ యాక్షన్ వైపు వెళ్లండి. తూటా చవక, చప్పుడు తక్కువ, వారం వారం కాల్చొచ్చు. 315ని ఎక్కువగా బీరువాలోనే చూసుకోవాల్సి వస్తుంది. పెళ్లి బారాత్‌లో బయటికి తీద్దామనుకుంటే 2019 సవరణలో దానికీ శిక్ష పెట్టారు, రెండేళ్ల దాకా జైలు.

చివరిగా, ఎన్నికలొచ్చిన ప్రతిసారి రైఫిల్ స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు. నెలల తరబడి అక్కడే ఉంటుంది, తుడిచేవాళ్లు ఉండరు. ఇచ్చే ముందు రోజు బ్యారెల్ లోపలా బయటా పలచటి నూనె కాకుండా చిక్కటి గ్రీజు పూయండి, కర్రకు నూనె చేయి వేయండి. తోలు కవర్‌లో పెట్టి ఇవ్వకండి, తోలు తేమ పట్టి తుప్పు తెప్పిస్తుంది. రసీదులో రైఫిల్ నంబర్‌తో పాటు బోల్ట్ నంబర్ కూడా రాయించుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు గ్రీజంతా తుడిచి, బ్యారెల్‌లోంచి అవతలి వెలుతురు కనబడేదాకా ఒక్క తూటా కూడా అందులో పెట్టకండి.