ఉక్రేనియన్‌లో ఒకేలా వినిపించే మాటలు: తెలుగువారు ముందుగా ఏవి తేల్చుకోవాలి?

ఉక్రేనియన్ నేర్చుకోవడం మొదలుపెట్టి కొన్ని నెలలైందనీ, పుస్తకంలో అర్థమైన మాటలు ఎదుటివారి నోట వినగానే ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయనీ, ముందుగా ఏ జంటల మీద శ్రమ పెట్టాలనీ మీరు అడిగారు. నేను ఉక్రెయిన్‌లోని విన్నిత్సియా నగరంలో వైద్యవిద్య చదివాను. పాఠాలు ఇంగ్లీషులోనే జరిగినా, వార్డుల్లో రోగులతో మాట్లాడవలసింది ఉక్రేనియన్‌లోనే కాబట్టి ఈ చిక్కులు తరగతి గదిలో కంటే రోగి మంచం పక్కనే ఎక్కువగా ఎదురయ్యాయి. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇంగ్లీషువారి కోసం తయారైన పట్టికలు మనకు కొంతవరకే పనికొస్తాయి, ఎందుకంటే వారి చెవికి కష్టమైనవన్నీ మన చెవికి కష్టం కావు, మనకు కష్టమైనవి కొన్ని ఆ పట్టికల్లో కనిపించవు.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది రెండు 'ఇ'ల సంగతి. ఒకటి నాలుకను బాగా పైకెత్తి మన 'ఈ'కి దగ్గరగా పలికేది. రెండోది నాలుకను కాస్త దించి, వెనక్కి జరిపి 'ఇ'కీ 'ఎ'కీ నడుమ పలికేది. ఇక్కడ తెలుగు లిపిలో మొదటిదాన్ని దీర్ఘంతోనూ, రెండోదాన్ని హ్రస్వంతోనూ రాస్తున్నాను. అయితే ఇది గుర్తు మాత్రమే, అసలు తేడా నిడివిలో లేదు. హ్రస్వదీర్ఘాల భేదం మనకు ఉగ్గుపాలతో వచ్చింది కనుక మన చెవి నిడివినే వెతుకుతుంది, అది అక్కడ దొరకదు. కీత్ అంటే పిల్లి, కిత్ అంటే తిమింగలం. లీస్ అంటే అడవి, లిస్ అంటే నక్క. దీమ్ ఇల్లు, దిమ్ పొగ. బీక్ అంటే ఒంట్లో ఒక పక్క, బిక్ అంటే ఎద్దు. బస్సెక్కాలంటే కావలసినది క్వితోక్, పూల దుకాణంలో అడగవలసినది క్వీత్క.

వీటిలో కొన్నిటికి వ్యాకరణమే సాయం చేస్తుంది. కీత్, దీమ్, బీక్ మాటల్లోని 'ఈ' ఒకప్పుడు 'ఒ'. విభక్తి ప్రత్యయం చేరి చివరి హల్లు తరువాతి అచ్చుతో కలవగానే ఆ పాత అచ్చు తిరిగి వస్తుంది, కాబట్టి షష్ఠిలో అవి కొతా, దోము, బోకు అవుతాయి. కిత్, దిమ్, బిక్ మాత్రం కితా, దిము, బికా అని 'ఇ'తోనే ఉండిపోతాయి. (ఈ రెండు 'ఇ'లను మినహాయిస్తే, మిగిలిన అచ్చుల మీద నేను పెడుతున్న దీర్ఘం ఊనికకు, అంటే మాటలో ఒక అచ్చును నొక్కి పలకడానికి, గుర్తు.) పక్కలో పోటు వస్తోందని చెప్పడానికి అక్కడి రోగులు 'కోలె వ్ బొకూ' అనేవారు. ఆ 'ఒ' వినబడిందంటే ఇక ఎద్దు ప్రసక్తి లేదు. లీస్ మాటకు మాత్రం ఈ సూత్రం వర్తించదు, దానిలోని అచ్చు మరో మూలం నుంచి వచ్చింది.

రెండో చిక్కు హ, ఖ. ఉక్రేనియన్ హ దాదాపు మన హ లాగే నాదంతో పలుకుతుంది. రష్యన్ ముందుగా నేర్చుకున్నవారు దాన్ని గ అని చదివి ఇబ్బంది పడతారు గానీ, నేరుగా ఉక్రేనియన్‌కు వచ్చిన తెలుగువారికి అది చేతికందినంత దగ్గర. నేను ఖ అని రాస్తున్నది మన ఒత్తు ఖ కాదు, ఉర్దూ 'ఖబర్'లో గొంతు వెనక ఒరుసుకుంటూ వచ్చే ధ్వని. హైదరాబాదు ఉర్దూ చెవిన పడుతూ పెరిగినవారికి ఇది సులువు, మిగిలినవారికి రెండూ హ గానే వినిపిస్తాయి.

ఖోలొద్ అంటే చలి, హోలొద్ అంటే ఆకలి. ఒక శీతాకాలం ఉదయం, శస్త్రచికిత్స ఉందని రాత్రి నుంచి ఏమీ తిననివ్వని ఒక పెద్దావిడ 'యా హొలోద్న' అన్నది. నాతో ఉన్న సహాధ్యాయి వెంటనే రెండో దుప్పటి తెచ్చి కప్పాడు. ఆవిడ దాని అంచు సవరించుకుని, అదే మాట ఇంకాస్త నిదానంగా అంటూ వేళ్లు ముడిచి నోటి దగ్గరికి తీసుకెళ్లి చూపించింది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. తెలుగులో చలైనా ఆకలైనా 'నాకు' అనే అంటాం. ఉక్రేనియన్‌లో చలికి 'నాకు' అంటారు, 'మెనీ ఖోలొద్నొ' అని. ఆకలికి 'నేను' అంటారు, 'యా హొలోద్న' అని. మగవారైతే హొలోద్నియ్. కాబట్టి హ, ఖల మధ్య చెవి తడబడినా వాక్యంలోని తొలి మాట పట్టుకుంటే అర్థం తేలిపోతుంది. 1932-33 నాటి మహాక్షామానికి వాడే హొలొదొమోర్ అన్న పేరులో ఉన్నది ఈ ఆకలే. ఏటా నవంబరు నాలుగో శనివారం ఆ మృతుల కోసం కిటికీల్లో దీపాలు పెట్టే దేశంలో చదువుకున్నాను కనుక, ఆ పేరును ఖకారంతో పలికితే నాకు మనసొప్పదు.

గ కూడా ఉంది, కానీ తక్కువ మాటల్లోనే. హ్రాతి అంటే ఆడటం, గ్రాతి అంటే కటకటాలు. గ కు ఉన్న ప్రత్యేక అక్షరాన్ని 1933లో లిపి నుంచి తీసివేసి 1990లో తిరిగి చేర్చారు, అందువల్ల ఆ మధ్యకాలంలో అక్కడ అచ్చైన పుస్తకాల్లో రెండు మాటలూ ఒకేలా కనిపిస్తాయి.

తరువాతది ఊనిక. తెలుగులో ఊనిక మారితే అర్థం మారదు కనుక మనం దాన్ని పట్టించుకోం. అక్కడ ప్లాచు అంటే 'ఏడుస్తున్నాను', ప్లచూ అంటే 'డబ్బు చెల్లిస్తున్నాను'. జామొక్ కోట, జమోక్ తాళం. ల్వీవ్‌లోని విసోకియ్ జామొక్ కొండ పేరులో ఉన్నది కోటే. వైద్య విద్యార్థులకు మరీ ముఖ్యమైనవి ఓర్హన్, ఒర్హాన్. మొదటిది శరీరంలోని అవయవం, రెండోది చర్చిలో వాయించే వాద్యం. అలాగే వైద్యుడికి సంబంధించినదైతే ఊనిక మొదటి అచ్చు మీద, మందులకు సంబంధించినదైతే రెండో అచ్చు మీద ఉంటుంది: లీకర్‌స్కియ్, లీకార్‌స్కియ్. మామూలు పుస్తకాల్లో ఊనిక గుర్తులు వేయరు, నిఘంటువుల్లో వేస్తారు. కాబట్టి కొత్త మాట రాసుకునేటప్పుడే ఊనిక గుర్తు కూడా రాసుకోవడం తప్పనిసరి అని నా నమ్మకం.

అంకెల్లో 12, 20 కలిసిపోతాయి, 13, 30 కూడా అంతే. ద్వనాత్సత్ 12, ద్వాత్సత్ 20. త్రినాత్సత్ 13, త్రిత్సత్ 30. నడుమ ఉన్న 'న'కు 'మీద' అని అర్థం, అంటే పది మీద రెండు, పది మీద మూడు. ఇక్కడ 'త్స' అని రాసింది 'చలి', 'చాప' మాటల్లో మనం పలికే దంత్య చకారమే, దానికి వేరే సాధన అక్కర్లేదు.

మీకు రష్యన్ కొంత వచ్చి ఉంటే మరో జాగ్రత్త అవసరం. నెదీల్య ఉక్రేనియన్‌లో ఆదివారం. రష్యన్‌లో దాదాపు అలాగే వినిపించే నెదేల్య అంటే వారం, ఉక్రేనియన్‌లో వారానికి తిజ్‌దెన్ అనే వేరే మాట ఉంది. చాస్ ఉక్రేనియన్‌లో సమయం, రష్యన్‌లో గంట. లునా ఉక్రేనియన్‌లో ప్రతిధ్వని, రష్యన్‌లో చందమామ. వ్రొద్లివ అంటే ఉక్రేనియన్‌లో అందగత్తె, దానికి దగ్గరగా వినిపించే రష్యన్ మాటకు కురూపి అని అర్థం. మందులు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెప్పేటప్పుడు మొదటి రెండు జంటలూ ప్రమాదకరం, కనుక వాటిని ముందు నేర్చుకోండి.

అద్రెసాత్ (ఉత్తరం అందుకునేవారు), అద్రెసాంత్ (పంపేవారు) వంటి జంటల గురించి కూడా పుస్తకాల్లో చాలా రాస్తారు. అవి రాతలో వచ్చే చిక్కులు, మీరు ఇప్పుడు వాటి జోలికి వెళ్లనక్కర్లేదు. ఉక్రేనియన్ మాతృభాషగా ఉన్నవారి చేత పై జంటలను చిన్న చిన్న వాక్యాల్లో, వరస కలిపేసి చదివించి రికార్డు చేసుకోండి. ఏ మాట విన్నారో రాసి, వారి దగ్గరే సరిచూసుకోండి. రెండు 'ఇ'లతో మొదలుపెట్టండి, అవి తేలేదాకా హ, ఖల దగ్గరికి వెళ్లకండి.