ఇంజను మార్చే ముందు ఛాసీ చూడండి

ప్రశ్న: అయ్యా, మాది అంబాజీపేట దగ్గరి పల్లె. 2008 మోడల్ బొలెరో పికప్ ఉంది, 2523 సీసీ డీఐ (పాత పంపు రకం డీజిల్) ఇంజను. కొబ్బరికాయలు అంబాజీపేట మార్కెట్టుకూ, లంకల్లోని అరటిగెలలు రావులపాలెం మార్కెట్టుకూ తోలుతాము. ఏడాదిగా బండి ఆయిల్ తాగుతోంది, నీలిపొగ కొడుతోంది, గెలల లోడుతో లంకలోంచి ఏటిగట్టు ఎక్కించేటప్పుడు మొదటి గేరులో కూడా ఆయాసపడుతోంది. ఇంజను బోరుకు వచ్చిందని, అంటే సిలిండర్లు లోపల అరిగిపోయాయని, మా మేస్త్రి అంటున్నారు. ప్రమాదానికి గురైన 2018 మోడల్ పికప్ నుంచి విప్పిన కామన్ రైల్ ఇంజను విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతుందనీ, కంపెనీ ఒకటే, సీసీ కూడా ఒకటే కనుక చక్కగా కూర్చుంటుందనీ చెబుతున్నారు. కొనవచ్చా?

జవాబు: కొనవద్దు. మీ మేస్త్రిగారు చెప్పినట్టు రెండు ఇంజన్లూ 2523 సీసీవే, కంపెనీ కూడా ఒకటే. కానీ డీజిల్‌ను సిలిండరులోకి పంపే పద్ధతి రెండింటిలోనూ పూర్తిగా వేరు. మీ పాత ఇంజనులో పంపు నుంచి నాజిల్‌కు వచ్చే డీజిల్ సుమారు 200 నుంచి 250 బార్‌ల ఒత్తిడి వద్ద నాజిల్‌ను తెరుస్తుంది; పంపు, పైపులు, నాజిళ్లు, యాక్సిలేటర్ తీగ ఉంటే ఆ బండి నడుస్తుంది. కామన్ రైల్ ఇంజనులో అన్ని నాజిళ్లకూ ఉమ్మడిగా డీజిల్ అందించే ‘రైల్’ అనే గొట్టంలోని ఒత్తిడి 1,000 బార్‌లకు పైగా ఉంటుంది. ఏ నాజిల్ ఎప్పుడు ఎంతసేపు తెరుచుకోవాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది, అందుకు క్రాంకు సెన్సారు, క్యామ్ సెన్సారు, యాక్సిలేటర్ పెడల్ దగ్గరి సెన్సారు, వీటన్నిటినీ కలిపే వైరింగు కట్ట, కొన్ని బండ్లలో వేరే తాళంచెవితో బండి స్టార్టు కాకుండా ఆపే ఇమ్మొబిలైజరు కూడా కావాలి. కాబట్టి మీరు కొనవలసింది ఇంజను ఒక్కటే కాదు, ఆ ప్రమాదపు బండిలోని విద్యుత్ వ్యవస్థలో సగం. అమ్మేవారు వైరింగును కత్తిరించి ఇంజనును మాత్రం గొలుసుకు వేలాడదీసి చూపిస్తే, తక్కిన వస్తువులు విడివిడిగా కొనేసరికి ఇంజను ధరను మించిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇంకొక సంగతి డీజిల్ శుభ్రతకు సంబంధించినది. లంకల్లో పనిచేసే బండ్లకు డబ్బాల్లోనూ డ్రమ్ముల్లోనూ తెచ్చిన డీజిల్ పోయడం మన ప్రాంతంలో మామూలే. గాలిలో తేమ ఎక్కువ కనుక ఆ డ్రమ్ముల అడుగున నీరు చేరుతుంది. పాత పంపుకూ ఆ నీరు మంచిది కాదు, కానీ అది కొంతకాలం ఓర్చుకుంటుంది, బాగుచేసే కాలిబ్రేషన్ షాపులూ మన పట్టణాల్లో ఉన్నాయి. కామన్ రైల్ పంపులోనూ నాజిళ్లలోనూ భాగాల మధ్య సందు మరీ సన్నం, అందువల్ల ఆ నీటికి అవి త్వరగా దెబ్బతింటాయి.

చట్టం సంగతి కూడా ముందే తెలుసుకోండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరాలకు ఆర్‌సీలోని వివరాలు భిన్నంగా మారేలా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షనును అంతే కచ్చితంగా వ్యాఖ్యానించింది. అదే రకం ఇంజను వేసినా ఇంజను నంబరు మారుతుంది. కనుక రవాణా శాఖ కార్యాలయంలో ముందుగా అనుమతి తీసుకుని, మార్చిన 14 రోజుల లోపల ఆ విషయం తెలియజేసి ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలి. కొనబోయే పాత ఇంజను ఏ బండిదో తెలిపే బిల్లు, ఆ బండి ఆర్‌సీ నకలు లేకుండా ఇంజను కొనకండి, అది దొంగబండిది కావచ్చు. బీమా కంపెనీకి కొత్త నంబరు తెలియజేయకపోతే రేపు ప్రమాదం జరిగినప్పుడు క్లెయిము దగ్గర చిక్కు వస్తుంది. బండి మీద ఫైనాన్సు ఉంటే వారి అంగీకారమూ కావాలి. రవాణా వాహనం ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్‌కు వెళ్లవలసిందే కనుక, నంబరు తేడా ఎక్కువకాలం దాగదు.

అయితే ఏమి చేయాలి? ముందుగా ఇంజను నిజంగా పోయిందా లేదా తేల్చుకోండి. నాజిళ్లు విప్పించి నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ పరీక్ష (పిస్టన్ గాలిని ఎంత ఒత్తిడికి అణుస్తోందో కొలిచేది) చేయించండి. సిలిండరుకూ సిలిండరుకూ తేడా పది శాతం దాటినా, నాలుగూ కంపెనీ చెప్పిన అంకెకన్నా బాగా తగ్గినా రింగులు, బోరు, వాల్వులను అనుమానించాలి. నాలుగూ సమంగా, కంపెనీ చెప్పిన అంకెకు దగ్గరగా ఉండి కూడా నీలిపొగ వస్తుంటే వాల్వు గైడ్లూ సీళ్లూ కారణం కావచ్చు. అది హెడ్డు విప్పితే తీరే పని. ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే ఆవిరి దమ్ములాగా పొగ ఎగదన్నుతుంటే మాత్రం మీ మేస్త్రిగారి మాట నిజమే. అప్పుడు కూడా నా సలహా, అదే ఇంజనుకు బోరింగు, పిస్టన్ సెట్టు, అవసరమైతే క్రాంకు గ్రైండింగు, హెడ్డు ఫేసింగు చేయించమనే. ఈ ఇంజను విడిభాగాలు మన జిల్లాల్లో దొరుకుతాయి, లేత్ పనివారికి ఇది చేయి తిరిగిన పని, నంబరు కూడా మారదు. బ్లాకు పగిలిపోయిందని తేలితే, మీదానిలాంటి పాత పంపు రకం డీఐ ఇంజనునే వెతకండి.

పాత ఇంజను కొనేటప్పుడు దాన్ని నడుపుతుండగా చూడాలి. నేల మీద పడి ఉన్న ఇంజనును కడిగి రంగు వేస్తే అన్నీ కొత్తవిగానే కనిపిస్తాయి. ముఖ్యంగా వరదలో మునిగిన బండి ఇంజను మీకు అంటగట్టకుండా జాగ్రత్త పడండి. 2022 జూలై గోదావరి వరద లాంటిది వచ్చినప్పుడు నీట మునిగిన బండ్లు తర్వాత ముక్కలుగా అమ్మకానికి వస్తాయి. నీరు సిలిండరులోకి పోయాక స్టార్టు చేసి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, ఎందుకంటే గాలిని అణచినట్టు నీటిని అణచలేము. డిప్‌స్టిక్కు మీది ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉందేమో చూడండి, ఆయిల్ చాంబరు విప్పించి లోపలి గోడలకు ఒండ్రు అంటుకుని ఉందేమో వేలితో తడమండి. ఒండ్రు మట్టి మనవారికి చూపవలసిన పని లేదు, వేళ్లకే తెలుస్తుంది.

ఇక అన్నిటికన్నా ముందు చూడవలసినది ఛాసీ, అంటే బండిని మోసే కింది ఇనుప చట్రం. శీర్షికగా పెట్టింది అందుకే. మీ బండి పద్దెనిమిదేళ్లుగా ఉప్పుగాలిలోనూ లంకల తడిలోనూ తిరుగుతోంది. ఇంజను మౌంటింగులు కూర్చునే బ్రాకెట్ల దగ్గర, క్రాస్ మెంబరు రివెట్ల దగ్గర, వెనుక కమాన్‌పట్టీల హ్యాంగర్ల దగ్గర మట్టి గీకించి సుత్తితో కొట్టి వినండి. గట్టి ఇనుము గణగణమంటుంది. లోపల తుప్పు తిన్నది మొద్దుగా మోగుతుంది, పొరలు రాలుతాయి. అక్కడ తుప్పు లోతుగా ఉంటే ఇంజను మీద ఖర్చు పెట్టకండి. బాగు చేసిన ఇంజను ఆ బ్రాకెట్టును చీల్చుకుని పక్కకు వాలవచ్చు, ఫ్యాను రేడియేటరును కోయవచ్చు.

ప్రశ్న: మాది భీమవరం ప్రాంతం. పాత పికప్‌లో చేపల పెట్టెలు, ఐసు తోలుతాము. గత నెల అదే రకం ఇంజను మార్పించాము. బండి లాగుడు బాగుంది, కానీ బ్రేకు పెడల్ రాయిలా గట్టిగా ఉండి, ఎంత తొక్కినా బండి ఆలస్యంగా ఆగుతోంది. బ్రేకు లైనింగులు మార్చినా మార్పు లేదు. కారణం ఏమై ఉంటుంది?

జవాబు: ఇది తేలేవరకు దయచేసి లోడుతో బండి తీయకండి, ముఖ్యంగా చించినాడ వంతెన లాంటి దిగుడు ఉన్న దారుల్లో. మీ లైనింగులకు ఏ దోషమూ లేదనుకుంటాను. పెడల్ తొక్కే బలాన్ని గాలి పీలుపుతో పెంచే బ్రేకు బూస్టరుకు ఆ పీలుపు, అంటే వ్యాక్యూమ్, అందడం లేదనిపిస్తోంది. పెట్రోలు ఇంజనులో గాలిని అడ్డే థ్రాటిల్ వల్ల ఆ వ్యాక్యూమ్ దానంతట అదే పుడుతుంది. డీజిల్‌లో అలా పుట్టదు కనుక విడిగా ఒక పంపు పెడతారు, చాలా పాత పికప్‌లలో అది ఆల్టర్నేటరు వెనుకనే బిగించి ఉంటుంది. ఇంజను మార్చినప్పుడు ఆ పంపు లేని ఆల్టర్నేటరు తగిలించి ఉండవచ్చు, లేదా పంపుకు ఇంజను ఆయిల్ అందించే సన్నని గొట్టం బిగించడం మరిచి ఉండవచ్చు, లేదా బూస్టరు గొట్టం చీలి ఉండవచ్చు. ఆయిల్ అందక తిరిగిన పంపు లోపలి రెక్కలు కొద్ది రోజుల్లోనే అరిగిపోతాయి.

పరీక్ష మీరే చేయవచ్చు. ఇంజను ఆపి పెడల్‌ను ఐదారు సార్లు తొక్కండి, గట్టిపడుతుంది. కాలు అలాగే నొక్కి ఉంచి స్టార్టు చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగితే బూస్టరు పనిచేస్తున్నట్టు. దిగకపోతే వ్యాక్యూమ్ అందనట్టు, లేదా బూస్టరే చెడినట్టు. అప్పుడు బూస్టరు దగ్గరి గొట్టం ఊడదీసి, ఇంజను నడుస్తుండగా చివర వేలు పెట్టి చూడండి. పీలుపు బాగా ఉంటే లోపం బూస్టరులోనో దాని ఒకవైపు వాల్వులోనో ఉంది, పీలుపు లేకపోతే పంపులోనో గొట్టంలోనో ఉంది. మీ బండి ఐసు నీళ్లు కార్చుకుంటూ తిరిగేది కనుక, చక్రాల దగ్గరి బ్రేకు ఇనుప పైపులను కూడా ఇదే చేత్తో తుప్పు కోసం చూపించండి.

ప్రశ్న: రాజోలు దగ్గర మా బంధువుల ట్రాక్టరు మూలన పడి ఉంది, ఇంజను మాత్రం బాగుంది. దాన్ని మా పికప్‌కు వేయించవచ్చా? లాగుడు ఎక్కువని అంటున్నారు.

జవాబు: కుదరదు. ట్రాక్టరు ఇంజను నిమిషానికి సుమారు 2,000 నుంచి 2,300 చుట్లకు మించి తిరగకుండా, వేగాన్ని అదుపు చేసే గవర్నరుతో తయారైనది. మీ పికప్ గేర్లు, వెనుక ఇరుసు నిష్పత్తి అంతకన్నా చాలా వేగంగా తిరిగే ఇంజనుకు లెక్కగట్టినవి. అది వేస్తే జాతీయ రహదారి మీద టాప్ గేరులో కూడా బండి పరుగెత్తదు. పైగా చాలా ట్రాక్టర్లలో ఇంజను బ్లాకూ పోత ఇనుప ఆయిల్ చాంబరూ కలిసి బండికి వెన్నెముకగా పనిచేస్తాయి కనుక అవి చాలా బరువు. ఆ బరువు మీ ముందు ఇరుసు మీద పడితే స్టీరింగు, బ్రేకులు రెండూ చెడతాయి. ఇంజను రకమే మారిపోతుంది కనుక రవాణా శాఖ అనుమతి కూడా రాదు. ఇంజను నిజంగా బాగుంటే చేనుకో చెరువుకో నీళ్లు తోడే పంపుకు బిగించుకోండి, అక్కడ దాని నిదానమైన వేగమే సరిగ్గా సరిపోతుంది.